విదేశీ కోడలి కాగితాలు: బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మన ఇళ్ళకు వీసా, నివాస అనుమతి మార్గదర్శి

మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక తెల్ల కాగితం అంటించి ఉంటుంది. దాని మీద ఎర్ర స్కెచ్‌పెన్నుతో రెండు తేదీలు. పైది మా వదిన నివాస అనుమతి ముగిసే రోజు. కిందది దానికి సరిగ్గా రెండు నెలల ముందు రోజు. చదువుకోని మా అమ్మకు కూడా ఆ రెండు తేదీలూ నోటికొచ్చు.

వదినది ఫిలిప్పీన్స్. అన్నయ్య ఓడల్లో పనిచేసేటప్పుడు పరిచయమై, పెళ్ళి చేసుకుని బరంపురం వచ్చేసింది. అప్పటినుంచి ఆమె కాగితాల పని నేనే చూస్తున్నాను. ఆ సంగతి తెలిశాక అమెరికా పాస్‌పోర్టుతో వెనక్కి వచ్చేసిన మా బాబాయిదీ, గుణుపురంలో ఉన్న స్నేహితుడి భార్యదీ కూడా నా దగ్గరికే వచ్చాయి.

హైదరాబాదులోనో చెన్నైలోనో అయితే అడగడానికి పక్క ఫ్లాట్‌లోనే ఎవరో ఒకరు దొరుకుతారు. మన వైపు అలా కాదు. ఇక్కడ ఎక్కువకాలం ఉండే విదేశీయులే తక్కువ. ఫారాలు ఇంగ్లీషులో ఉంటాయి, ఆఫీసులో మాట్లాడేది ఒడియా, ఇంట్లో ఆలోచించేది తెలుగు. తప్పులు దొర్లేది ఆ మధ్యలోనే. చట్టం కేంద్రానిది కాబట్టి మహారాష్ట్రలో సిరొంచ, బల్లార్షా వైపు ఉన్న మన వాళ్ళకూ ఇవే నియమాలు, ఆఫీసు మాత్రమే వేరు.

అన్నిటికంటే ముందు ఒక మాట. ఈ తేదీలను విదేశం నుంచి వచ్చిన మనిషి ఒక్కరి మీదే వదిలేయకండి. ఆమెకు ఊరు కొత్త, భాష కొత్త. గడువు తప్పితే నష్టం మాత్రం ఇంటిల్లిపాదికీ. పిల్లల పౌరసత్వం దాకా వెళ్తుంది. ఎలాగో కింద వివరంగా రాశాను.

మీ ఇంటి మనిషి ఏ కోవలోకి వస్తారు?

ముందు ఇది తేల్చుకోకపోతే మిగతా పని అంతా తప్పు దారిలో పోతుంది.

నేపాల్, భూటాన్ పౌరులకు మన దేశంలో ఉండడానికి వీసా అక్కర్లేదు. వాళ్ళ సంగతి ఇక్కడితో సరి. బరంపురం ఐసర్‌లోనో మరో కాలేజీలోనో చదివే విదేశీ విద్యార్థులకు స్టూడెంట్ వీసా, కంపెనీ పిలిపించిన వాళ్ళకు ఎంప్లాయ్‌మెంట్ వీసా ఉంటాయి. వాళ్ళకు సంస్థే దారి చూపిస్తుంది. మనకు దగ్గర్లోనే గజపతి జిల్లా చంద్రగిరి, జిరాంగ్ దగ్గర 1963 నుంచి టిబెటన్లు ఉంటున్నారు. వాళ్ళకు వేరే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ పద్ధతి ఉంది. ఎవరైనా టిబెటన్ స్నేహితుడు "మాకు ఇలా చేశారు" అని చెబితే అది మీకు వర్తిస్తుందని అనుకోకండి.

మన ఇళ్ళల్లో ఎక్కువగా కనిపించేవాళ్ళు రెండు రకాలు. మనవాళ్ళను పెళ్ళి చేసుకున్న విదేశీయులు ఒకరు. వీళ్ళకు ఇచ్చేది ఎంట్రీ వీసా, ఆఫీసుల్లో ఎక్స్ వీసా అంటారు. రెండోవాళ్ళు ఒకప్పుడు మనవాళ్ళే అయ్యుండి వేరే దేశం పౌరసత్వం తీసుకుని, వయసు మీద పడ్డాక సొంతూరు వచ్చినవాళ్ళు. వీళ్ళకు సరైన దారి ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు, అంటే విదేశీ పౌరసత్వం ఉన్నా ఇక్కడ ఎన్నాళ్ళయినా ఉండనిచ్చే కార్డు. అది వచ్చేదాకా వీళ్ళూ విదేశీయులే. "పుట్టింది గంజాంలోనే కదా" అన్నది ఏ కౌంటర్లోనూ చెల్లదు. మా బాబాయి అదే మాట నాతో ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది, కానీ కాగితం కాగితమే.

చట్టం మారింది, పాత సలహాలు పక్కన పెట్టండి

1946 నాటి విదేశీయుల చట్టం, 1939 నాటి విదేశీయుల రిజిస్ట్రేషన్ చట్టం ఇప్పుడు లేవు. 1920 నాటి పాస్‌పోర్టు ప్రవేశ చట్టంతో సహా వాటి స్థానంలో ఇమిగ్రేషన్ అండ్ ఫారినర్స్ యాక్ట్, 2025 వచ్చింది. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. రోజువారీ పద్ధతి చాలావరకు పాతదే. శిక్షలు మాత్రం గట్టివి. వీసా గడువు దాటి ఉండిపోయినా, వీసా షరతు మీరినా 3 ఏళ్ళ వరకు జైలు, 3 లక్షల వరకు జరిమానా. దొంగ కాగితాలు వాడితే 2 నుంచి 7 ఏళ్ళు, జరిమానా లక్ష నుంచి 10 లక్షల దాకా. ఇవి భయపెట్టడానికి రాయడం లేదు. "ఏం కాదు, ఒక నెల అటూ ఇటూ" అనే పెద్దమనుషులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వాళ్ళ మాట వినకుండా ఉండడానికి రాస్తున్నాను.

వీసా స్టాంపును చదవడం

పాస్‌పోర్టులో వీసా మీద రెండు వేర్వేరు సంగతులు ఉంటాయి. వీసా ఎప్పటివరకు చెల్లుతుంది అన్నది ఒకటి. ఒక్కసారి వస్తే ఎన్ని రోజులు ఉండొచ్చు అన్నది ఇంకొకటి. అందరూ మొదటిది చూసి రెండోది వదిలేస్తారు. పదేళ్ళ టూరిస్టు వీసా ఉందంటే పదేళ్ళు ఇక్కడ కాపురం ఉండొచ్చని కాదు.

వీసా 180 రోజులకు మించినదై, 180 రోజుల లోపే ఉండాలన్న షరతు దాని మీద లేకపోతే, దేశంలో దిగిన 14 రోజుల్లోపు విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. "ప్రతి రాకకూ 180 రోజులు మించకూడదు" అని రాసి ఉంటే, ఆలోపు ఉండి వెళ్ళిపోయేవాళ్ళకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఇంకా ఉండాలనుకుంటే 180 రోజులు నిండకముందే దరఖాస్తు పడాలి. పాకిస్తాన్ పౌరులకు మాత్రం గడువు 24 గంటలే.

14 రోజులు అంటే చాలా ఉన్నాయనిపిస్తుంది. కొత్త కోడలు దిగిన వారం చుట్టాలతో, గుళ్ళతో, విందులతో గడిచిపోతుంది. రెండో వారంలో ఆమెకు నీళ్ళు పడక జ్వరం. మా ఇంట్లో సరిగ్గా అదే జరిగింది. కాబట్టి విమానం దిగిన రోజే, విశాఖ అయినా భువనేశ్వర్ అయినా, అరైవల్ స్టాంపును ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. లెక్క ఆ స్టాంపు నుంచే.

మొదటి 24 గంటలు: ఫారం సి

హోటల్లో దిగితే వాళ్ళే నింపుతారు. ఇంట్లో దిగితే ఎవరూ చెప్పరు కాబట్టి చాలామందికి తెలియదు. విదేశీయుడికి బస ఇచ్చినవాళ్ళు, సొంత ఇల్లయినా సరే, 24 గంటల్లోపు ఆ సంగతి తెలియజేయాలి. దీన్నే జనం ఫారం సి అంటారు. విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసు ఆన్‌లైన్ సైటు ఇ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలోనే దానికి విడిగా ఒక విభాగం ఉంది. ఇంటి యజమాని పేరు మీద ముందు ఖాతా తెరవాలి. దాన్ని ఆఫీసు వాళ్ళు ఆమోదించాకే ఫారం నింపడం కుదురుతుంది. అందుకే ఖాతా పనిని మనిషి వచ్చాక కాదు, రావడానికి రెండు మూడు వారాల ముందే చేసుకోండి.

అద్దె ఇంట్లో ఉంటే ఇంటి ఓనరుకు ముందే చెప్పండి. పోలీసులంటే బెదిరి ఇల్లు ఖాళీ చేయమనేవాళ్ళూ ఉంటారు. ఇది కేసు కాదనీ, సమాచారం ఇవ్వడమేననీ కూర్చోబెట్టి చెబితే చాలామంది ఒప్పుకుంటారు. ఆ ఫారం కాపీ రిజిస్ట్రేషన్‌లో మీకే పనికొస్తుంది.

పెళ్ళి కాగితం

ఎక్స్ వీసాకు ఆధారం పెళ్ళి ఫొటోలు కాదు, రిజిస్టరైన పెళ్ళి సర్టిఫికెట్. గుళ్ళో తాళి కట్టడం మనకు పెళ్ళి. ఆఫీసుకు అది సరిపోదు.

ఇద్దరిదీ వేర్వేరు మతం అయితే ఇక్కడ పెళ్ళి సాధారణంగా స్పెషల్ మ్యారేజ్ యాక్ట్, 1954 కింద జరుగుతుంది. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో కనీసం 30 రోజులు ఉండి ఉండాలి. నోటీసు ఇచ్చాక ఇంకో 30 రోజులు ఆగాలి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు పెళ్ళి జరగకపోతే మళ్ళీ మొదటికి. అబ్బాయి ఓడ మీదో గల్ఫ్‌లోనో ఉండి, అమ్మాయితో పాటే దిగితే ఈ రెండు 30లూ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. అలాంటప్పుడు 30 రోజుల ఇ-టూరిస్టు వీసా మీద అమ్మాయిని పిలిపించి ఇక్కడ పెళ్ళి చేద్దామనుకుంటే గడువు ముందే అయిపోతుంది. చుట్టాలు ముహూర్తం చూస్తారు, మీరు ఈ లెక్క చూడండి.

ఆమె తన దేశం నుంచే తెచ్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. పుట్టిన సర్టిఫికెట్, ఇంతకుముందు పెళ్ళి కాలేదని అక్కడి ప్రభుత్వం ఇచ్చే పత్రం, అంతకుముందు విడాకులయి ఉంటే ఆ తీర్పు. వాటికి అపోస్టిల్ ముద్ర, అంటే వేరే దేశంలో చెల్లేలా అక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర, అక్కడే వేయించుకుని రావాలి. విదేశంలోనే పెళ్ళి చేసుకుంటే ఆ సర్టిఫికెట్‌కూ అంతే. వదిన పుట్టిన సర్టిఫికెట్ ముద్ర లేకుండా వచ్చింది. వాళ్ళ అమ్మగారు అక్కడ మళ్ళీ తీయించి, ముద్ర వేయించి పంపేసరికి చాలా రోజులు పట్టింది.

టూరిస్టు వీసాను మామూలుగా పొడిగించరు, వేరే రకంగా మార్చరు. భారత పౌరుణ్ణో పౌరురాలినో పెళ్ళి చేసుకోవడం దానికి మినహాయింపు. అప్పుడు ఇక్కడ ఉండగానే ఎక్స్ వీసాకు మార్చుకోవచ్చు. అయినా నా సలహా, ఓపిక ఉంటే విదేశంలోని మన రాయబార కార్యాలయంలోనే ఎక్స్ వీసా తీసుకుని రండి. ఇక్కడ మార్పించడానికి విచారణ జరగాలి, ఆ వారాలన్నీ టెన్షన్.

ఇ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ దరఖాస్తు: ఇక్కడ తొందరపడకండి

2018 నుంచి ఈ పని ఆన్‌లైన్‌లోకి వచ్చింది. రిజిస్ట్రేషన్, వీసా పొడిగింపు, వీసా మార్పు, చిరునామా మార్పు, ఎగ్జిట్ పర్మిట్ (దేశం వదిలి వెళ్ళే అనుమతి) అన్నీ ఒకే సైటులో, ఒకే ఖాతాలో. పిలిస్తే తప్ప ఆఫీసుకు వెళ్ళక్కర్లేదు. ఫీజు దేశాన్ని బట్టి మారుతుంది, అక్కడే ఆన్‌లైన్‌లో కట్టాలి. చేతికి డబ్బు ఇవ్వాల్సిన పని ఎక్కడా లేదు.

ఖాతా తెరిచేటప్పుడు ఫోన్ నంబరు, ఈమెయిల్ మీ ఇంటివే ఇవ్వండి. ఈ వాక్యం రెండుసార్లు చదవమని వేడుకుంటున్నాను. మొదటిసారి నేను ఒక నెట్ సెంటర్‌లో చేయించాను. ఆ కుర్రాడు తన నంబరు, తన ఈమెయిల్ పెట్టేశాడు. అది ఠాకురాణీ యాత్ర నెల, ఊరంతా జాతర. ఆఫీసు నుంచి ఒక ప్రశ్న వచ్చింది, ఇంటి చిరునామా రుజువు స్పష్టంగా లేదు, మళ్ళీ పెట్టండి అని. అది అతని ఈమెయిల్‌కు వెళ్ళింది, అతను చూడలేదు. మాకు తెలిసేసరికి దరఖాస్తును మూసేశారు. గడువుకు ఇంకా పదకొండు రోజులే. ఆ రాత్రి వదిన వంటింట్లో గట్టు మీద కూర్చుని "నన్ను పంపించేస్తారా?" అని అడిగింది. అన్నయ్య సముద్రం మీద ఉన్నాడు. తెల్లవారేలోపు నేనే కొత్త ఖాతా తెరిచి, అన్నీ మళ్ళీ స్కాన్ చేసి పెట్టాను. అప్పటినుంచి ఆమె కాగితం ఏదీ నా చేయి దాటి పోలేదు.

కావాల్సినవి ఇవి: పాస్‌పోర్టు మొదటి పేజీ, వీసా పేజీ, అరైవల్ స్టాంపు పేజీ, ఫొటో, చిరునామా రుజువు, పెళ్ళి సర్టిఫికెట్, భర్త లేదా భార్య భారత పౌరసత్వ రుజువు, ఆమె బాధ్యత తనదేనని భర్త ఇచ్చే హామీ పత్రం. స్కాన్ నేరుగా, నీడ పడకుండా, నాలుగు అంచులూ కనబడేలా తీయండి.

చిరునామా రుజువుగా మన వైపు అందరి దగ్గరా ఉండేది టీపీఎస్‌ఓడీఎల్ కరెంటు బిల్లు. అది చాలాసార్లు చనిపోయిన తాతగారి పేరు మీదే నడుస్తూ ఉంటుంది. ముందు దాన్ని మార్పించుకోండి, లేదంటే తాతగారికీ మీకూ సంబంధం చూపించే కాగితం జత చేయండి.

పేర్ల సంగతి మన తెలుగువాళ్ళకు అసలు పరీక్ష. పాస్‌పోర్టులో ఇంటిపేరు చివర, ఆధార్‌లో ముందు, ఓటరు కార్డులో ఒడియా నుంచి ఇంగ్లీషులోకి మారి ఇంకో స్పెల్లింగు, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక్క పొడి అక్షరం. అన్నయ్య పేరు నాలుగు కాగితాల్లో నాలుగు రకాలుగా ఉంది. నలుగురూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ ఒకటి ముందే చేయించి ప్రతి దరఖాస్తుకూ జత చేస్తున్నాను. ప్రశ్న వచ్చాక చేయించడం కంటే అదే సుఖం.

ఊరి పేరు కూడా చూసుకోండి. మనం బరంపురం అంటాం, రైల్వే వాళ్ళు బ్రహ్మపుర్ అని రాస్తారు, పాత కాగితాల్లో బెర్హంపూర్. పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లాలో దాదాపు అదే పేరుతో ఇంకో ఊరుంది. పిన్‌కోడ్ 760తో మొదలయ్యేదే మనది. ఇంకో చిక్కు, గంజాం రెవెన్యూ జిల్లా ఒకటే అయినా పోలీసు జిల్లాలు రెండు. బరంపురానికి ఒక ఎస్పీ, మిగతా గంజాంకు ఛత్రపురంలో ఇంకో ఎస్పీ. జిల్లాల్లో విదేశీయుల రిజిస్ట్రేషన్ అధికారి ఎస్పీయే కాబట్టి మీ ఇల్లు ఏ పోలీస్ స్టేషన్ కిందికి వస్తుందో కనుక్కుని దాన్ని బట్టే ఎంచుకోండి. పర్లాకిమిడి, రాయగడ, కోరాపుట్, మల్కనగిరిలో ఈ గందరగోళం లేదు.

దరఖాస్తు వెళ్ళాక రోజూ ఒకసారి ఖాతా తెరిచి చూడండి. ఈమెయిల్ స్పామ్‌లో కూడా చూడండి. అనుమతి పీడీఎఫ్‌గా అక్కడికే వస్తుంది.

పోలీసు ఇంటికి వచ్చినప్పుడు

పెళ్ళి ఆధారంగా ఉండేవాళ్ళ విషయంలో స్థానిక స్టేషన్ నుంచి విచారణ ఉంటుంది. వాళ్ళు చూసేది మూడు సంగతులు: పెళ్ళి నిజమేనా, ఇద్దరూ కలిసి ఉంటున్నారా, వాళ్ళ మీద ఏమైనా కేసులున్నాయా.

మా ఇంటికి ఒక మధ్యాహ్నం కానిస్టేబుల్ ఒకాయన బైకు మీద వచ్చారు. అమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. మా వీధిలో పోలీసు ఏ ఇంటి ముందు ఆగినా నాలుగు కిటికీలు తెరుచుకుంటాయి. ఆయన లోపలికి వచ్చి కూర్చుని ఒరిజినల్స్ అడిగారు, ఒక్కొక్కటీ కాపీతో పోల్చి చూసుకున్నారు. వదినను ఇక్కడికి ఎప్పుడొచ్చావు, ఎవరెవరున్నారు అని హిందీలో అడిగారు. ఆమె సగం హిందీ, సగం తెలుగు కలిపి చెప్పింది. మాటల మధ్యలో వెనక్కి తిరిగి "అత్తమ్మా, నీళ్ళు" అంది. ఆయన రాసుకుంటున్న కలం ఆగింది, నవ్వారు. తర్వాత ఎదురింటి ఒడియా పెద్దావిడను అడిగితే, "మా బోహూ (కోడలు) లాంటిదే, రోజూ సాయంత్రం ఇక్కడే కూర్చుంటుంది" అని చెప్పిందట.

అందుకే, ఇరుగుపొరుగుకు ఆమెను పరిచయం చేయండి. ఇంట్లో దాచి ఉంచితే రేపు అడిగినప్పుడు వాళ్ళేం చెబుతారు? భర్త ఓడ మీదో గల్ఫ్‌లోనో ఉంటే ఆ సంగతి దాచొద్దు. ఆయన ఉద్యోగ కాగితాలు, వచ్చి వెళ్ళిన పాస్‌పోర్టు ముద్రలు, ఇద్దరి పేరు మీదా ఉన్న బ్యాంకు పాస్‌బుక్ చూపించండి. ఒరిజినల్స్ చూపించండి కానీ ఎవరికీ ఇచ్చేయకండి. ఇచ్చేది కాపీలే.

అనుమతి చేతికి వచ్చాక చేయకూడనివి

రిజిస్ట్రేషన్ ఆ వీసా ఉన్నంతకాలం ఒక్కసారి చాలు, చిరునామా మారనంతవరకు ప్రతి ప్రయాణానికీ మళ్ళీ అక్కర్లేదు. ఇల్లు మారితే, కొత్త పాస్‌పోర్టు వస్తే మాత్రం అదే సైటులో వెంటనే తెలియజేయాలి.

ఎక్స్ వీసా దానంతటది ఉద్యోగానికో వ్యాపారానికో అనుమతి కాదు. స్కూల్లో ఇంగ్లీషు చెప్పమని మా వీధి చివరి స్కూలు వాళ్ళు వదినను అడిగారు. వద్దన్నాం. జీతం వచ్చే పని ఏదైనా ముందు అడిగి, రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే.

చర్చికి వెళ్ళి ప్రార్థన చేసుకోవడానికి ఏ అడ్డూ లేదు, వదిన ప్రతి ఆదివారం వెళ్తుంది. మత ప్రచారం మాత్రం మిషనరీ వీసా ఉన్నవాళ్ళే చేయాలి. ఓసీఐ కార్డు ఉన్నవాళ్ళూ దానికి ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. గజపతి, రాయగడ వైపు కూటాలకు పిలిచి మైకు చేతికిస్తారు, ప్రేమతోనే. ఆ మైకు పట్టుకోకపోవడమే మేలు.

కోరాపుట్, మల్కనగిరి, రాయగడ కొండల్లో బోండా, డొంగ్రియా కొంధ్ లాంటి ఆదివాసుల పల్లెలకు విదేశీయుల్ని సరదాగా తీసుకెళ్ళకండి. 2012 మార్చిలో కంధమాల్, గంజాం సరిహద్దు అడవుల్లో ఇద్దరు ఇటలీ దేశస్థుల్ని మావోయిస్టులు అపహరించిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది నుంచి విదేశీయుల రాకపోకల మీద నిఘా పెరిగింది. వెళ్ళాల్సిన పని ఉంటే ముందే కలెక్టర్ ఆఫీసులో అడగండి.

పిల్లలు: ఈ భాగం తప్పకుండా చదవండి

2004 డిసెంబరు 3న గానీ ఆ తర్వాత గానీ ఇక్కడ పుట్టిన బిడ్డ పుట్టుకతోనే భారత పౌరుడు కావాలంటే తల్లిదండ్రులిద్దరూ భారతీయులై ఉండాలి, లేదా ఒకరు భారతీయులై, రెండోవారు ఆ సమయానికి అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. సరైన వీసాతో వచ్చి, గడువు దాటాక కూడా ఉండిపోయినవాళ్ళు పౌరసత్వ చట్టం లెక్కలో అక్రమ వలసదారులే.

అంటే ఆస్పత్రిలో బిడ్డ పుట్టిన రోజుకు తల్లి కాగితం చెల్లుబాటులో ఉండాలి. తొమ్మిదో నెలలో ఎవరికీ వీసా గుర్తుండదు. అందరి మనసూ కాన్పు మీదే ఉంటుంది. కడుపుతో ఉందని తెలిసిన రోజే కాన్పు తేదీనీ, అనుమతి తేదీనీ పక్కపక్కన రాసుకోండి. రెండూ దగ్గరగా ఉంటే పొడిగింపు ముందే పెట్టండి. మా పాప పుట్టినప్పుడు వదిన అనుమతికి ఇంకా ఏడు నెలలుంది. అమ్మకు అప్పుడు నేను ఎందుకంత హడావిడి పడ్డానో అర్థం కాలేదు. ఇప్పుడు ఫ్రిజ్ మీద కాగితం అతికించేది ఆమే.

బిడ్డ పుట్టాక 21 రోజుల్లో జనన నమోదు చేయించండి. తల్లి పేరు ఆమె పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు, అక్షరం మారకుండా రాయించండి. మనం ఇంట్లో పెట్టిన తెలుగు పేరు కాదు. తల్లి దేశం పాస్‌పోర్టు కూడా బిడ్డకు తీసుకుందామన్న ఆశ కొందరికి ఉంటుంది. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. లాయర్‌ని అడగకుండా ఆ అడుగు వేయకండి.

పొడిగింపు

గడువుకు 60 రోజుల ముందు మొదలుపెట్టండి. ఎక్స్ వీసాను మొదట ఏడాదికి ఇచ్చినా తర్వాత ఎక్కువ కాలానికి ఇవ్వమని అడగొచ్చు. పాస్‌పోర్టు గడువు దగ్గరపడితే ముందు అది కొత్తది చేయించుకోవాలి. వాళ్ళ రాయబార కార్యాలయం ఢిల్లీలో ఉంటుంది, రైలు టిక్కెట్లు, లీవులు అన్నీ లెక్కేసుకోండి.

ఓసీఐ కార్డు

ఇది వచ్చాక జీవితం తేలికవుతుంది. ఎన్నాళ్ళయినా ఉండొచ్చు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. భారత పౌరుల లేదా ఓసీఐ ఉన్నవాళ్ళ విదేశీ భర్త, భార్య అర్హులు. పెళ్ళి రిజిస్టరై, దరఖాస్తు పెట్టే రోజుకు ఆగకుండా రెండేళ్ళు నిండి ఉండాలి. పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరులైనా, తల్లిదండ్రులు, తాతలు, ముత్తాతల్లో ఒక్కరు ఆ దేశ పౌరులైనా రాదు. ఇక్కడి నుంచే పెడితే ఫీజు 15,000 రూపాయలు. పరిశీలనకు నెలలు పడుతుంది. ఆ నెలల్లో ఎక్స్ వీసా బతికే ఉండాలి. "ఓసీఐకి పెట్టేశాంగా" అని పొడిగింపు మానేస్తే రెండూ పోతాయి.

పూర్వం భారతీయులైనవాళ్ళు ముందు పాత భారత పాస్‌పోర్టును సరెండర్ చేసి సర్టిఫికెట్ తీసుకోవాలి. మా బాబాయి తన పాత పాస్‌పోర్టును బీరువాలో గుడ్డలో చుట్టి దాచుకున్నారు. అది ఇచ్చేసిన రోజు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

కార్డు ఉన్నా ఓటు లేదు, ప్రభుత్వోద్యోగం లేదు, వ్యవసాయ భూమి కొనకూడదు. 182 రోజులు నివాసం ఉన్న విదేశీయులకు ఆధార్ ఇస్తారు, ఓసీఐ వాళ్ళకు అది పదేళ్ళు చెల్లుతుంది. ఆధార్ చూసి ఎవరైనా ఓటరు జాబితాలో పేరు ఎక్కిస్తామంటే ఒప్పుకోకండి, అది నేరం. పెళ్ళి ద్వారా కార్డు వచ్చినవాళ్ళు కొత్త పాస్‌పోర్టు వచ్చిన ప్రతిసారీ మూడు నెలల్లోపు దాని కాపీ, కొత్త ఫొటో, పెళ్ళి కొనసాగుతోందన్న ప్రకటన సైటులో పెట్టాలి. విడాకులైతే కార్డు రద్దవుతుంది.

భారత పౌరసత్వమే కావాలనుకునే భార్యాభర్తలకు ఏడేళ్ళ నివాసం కావాలి. అందులో చివరి 12 నెలలు ఇక్కడే ఉండాలి. సొంత దేశం పౌరసత్వం వదులుకోవాలి. వదిన ఇంకా ఆలోచిస్తోంది, మేం తొందరపెట్టడం లేదు.

గడువు దాటిపోతే, పాస్‌పోర్టు పోతే

దాటిపోయిందని తెలిసిన రోజే సైటులో దరఖాస్తు పెట్టండి, ఆలస్యానికి కారణం ఉన్నది ఉన్నట్టు రాయండి. ఆస్పత్రిలో ఉంటే డిశ్చార్జి కాగితాలు జత చేయండి. జరిమానా కట్టాల్సి వస్తుంది. నేరుగా ఎయిర్‌పోర్టుకు వెళ్ళి అక్కడ చూసుకుందామనుకోవద్దు. ఎగ్జిట్ పర్మిట్ లేకుండా విమానం ఎక్కనివ్వరు.

పాస్‌పోర్టు పోతే ముందు మీ స్టేషన్‌లో ఫిర్యాదు, దాని కాపీ. తర్వాత రాయబార కార్యాలయం నుంచి కొత్త పాస్‌పోర్టు. ఆపైన ఇ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలో వీసాను కొత్త దాని మీదికి మార్పించుకోవడం. ఈ మూడింటికీ పాత పాస్‌పోర్టు, వీసా, స్టాంపు పేజీల కాపీలు కావాలి. మా ఇంట్లో అవి మూడు చోట్ల ఉన్నాయి: నా ఈమెయిల్‌లో, అన్నయ్య ఫోన్‌లో, అమ్మ బియ్యం డ్రమ్ము పక్కన ప్లాస్టిక్ ఫోల్డర్‌లో.